నీళ్ళిచ్చింది కాటన్ దొర... మట్టికి మనమేమిస్తున్నాం?

గోదావరిలో మునిగి సంకల్పం చెప్పుకునేటప్పుడు దేవతల పేర్లతో పాటు ఓ ఇంగ్లీషు దొర పేరు కూడా తలుచుకునే పెద్దలు మన గోదావరి జిల్లాల్లో ఉన్నారు. కాలవ గట్ల మీద, లాకుల దగ్గర, ఊరి మొదట్లో ఆయన విగ్రహాలు కనిపిస్తాయి. మే 15 వచ్చిందంటే రైతులు వాటికి దండలు వేస్తారు. మనల్ని ఏలిన తెల్లవాళ్ళలో ఇంత ఆదరం దక్కినవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

ఆయనే సర్ ఆర్థర్ కాటన్. ఆయన కథ మనకి తెలిసిందే అనుకుంటాం. ఆనకట్ట కట్టారు, నీళ్ళొచ్చాయి, మన ప్రాంతం అన్నపూర్ణ అయింది, అంతే కదా అని. కానీ ఆ నీళ్ళు తాగిన మట్టి సంగతేమిటి? పెరట్లో రెండు కొబ్బరిచెట్లో, నాలుగు అరటిపిలకలో ఉన్న ప్రతి ఇల్లాలూ ఒకసారి ఆలోచించాల్సిన విషయం ఇది. ముసలితనంలో కాటన్ దొర కూడా దాని గురించే ఆలోచించారు మరి!

పదో కొడుకు

1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు ఆర్థర్ కాటన్. పదకొండుమంది మగపిల్లలున్న ఇంట్లో పదో వాడు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వాళ్ళ సైనిక విద్యాలయంలో చేరారు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. 1821లో, పద్ధెనిమిదేళ్ళ కుర్రాడిగా, మద్రాసులో దిగారు.

ఆ రోజుల్లో కంపెనీ ఇంజనీరు అంటే బారకాసులు కట్టడం, రోడ్లు వెయ్యడం, యుద్ధం వస్తే సైన్యం వెంట వెళ్ళడం. కాటన్ కూడా బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చారు. కానీ ఆయన మనసు పడింది చెరువుల మీద, నదుల మీద. దక్షిణాది జిల్లాల్లో చెరువుల పనులు చూస్తూ తిరిగేటప్పుడు ఒక్క వాన తప్పితే జనం ఏమైపోతారో కళ్ళారా చూశారు. జబ్బులు కూడా ఆయన్ని వదల్లేదు. మధ్యలో ఎన్నిసార్లు సెలవు మీద వెళ్ళాల్సి వచ్చిందో! అయినా మళ్ళీ మళ్ళీ ఈ గడ్డకే వచ్చారు.

కావేరి నేర్పిన పాఠం

తంజావూరు దగ్గర కావేరి మీద కరికాల చోళుడి కాలం నాటి కల్లణై ఉంది. పెద్ద పెద్ద రాళ్ళని ఇసకలో దింపి కట్టిన ఆ పాత ఆనకట్ట శతాబ్దాలుగా నిలబడే ఉంది. నది అడుగున గట్టి రాయి లేకపోయినా, ఇసక మీదే కట్టడం నిలపవచ్చని కాటన్ నేర్చుకున్నది ఆ పాతకాలపు పనివాళ్ళ దగ్గరే. ఆ ఋణాన్ని ఆయన దాచుకోలేదు, ఒప్పుకున్నారు. ఆ ధైర్యంతోనే 1830లలో కొలెరూన్ మీద రెండు ఆనకట్టలు కట్టించారు. తంజావూరు పొలాలు మళ్ళీ పచ్చబడ్డాయి.

1841లో ఎలిజబెత్ లియర్‌మంత్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నారు. ఆస్ట్రేలియా దగ్గరి టాస్మేనియా దీవిలో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. అక్కణ్ణుంచి కొత్త కాపురం మన విశాఖపట్నం మీదుగా గోదావరి ఒడ్డుకి చేరింది.

కరువు సీమ

అప్పటి గోదావరి సీమ ఇప్పటిలా ఉండేది కాదు. నిండుగోదావరి పక్కనే పారుతున్నా పొలాలు వాన మీదే ఆధారం. నాలుగు నెలలు వరద, ఎనిమిది నెలలు ఎండ. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. డొక్కల కరువని ఇప్పటికీ పెద్దలు చెప్పుకునేది అదే. 1839లో కోరంగి తీరాన్ని తుపాను ముంచేసింది. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. అంటే ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు పిల్లాపాపలతో ఊళ్ళొదిలి వెళ్ళిపోయారు.

కంపెనీకి బాధ కలిగింది జనం చచ్చిపోయినందుకంటే శిస్తు తగ్గినందుకని చరిత్ర చదివితే తెలుస్తూనే ఉంటుంది. ఏమైతేనేం, 1844లో కాటన్ని ఇక్కడికి పంపారు. ఆయన ఊళ్ళన్నీ తిరిగి, కొలతలు తీసి, ఆ ఏడాదీ ఆ మరుసటి ఏడాదీ నివేదికలు రాశారు. నది ఒడ్డున నేల ఎత్తుగా ఉండి, దూరం పోయేకొద్దీ పల్లమవుతోందని కనిపెట్టారు. నీటిని కొద్దిగా పైకెత్తి ఎత్తు మీదుగా కాలవలు తవ్వితే చాలు, అది తనంతట తానే సముద్రం దాకా పొలాలు తడుపుకుంటూ పోతుందన్నమాట.

ధవళేశ్వరం

1847లో పని మొదలైంది. గోదావరి లంకల మధ్య చీలిపోయిన చోటు ఎంచుకున్నారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు కట్టలు. అన్నీ కలిపితే రెండు మైళ్ళు దాటింది. ఎత్తు మాత్రం పన్నెండడుగులే! ధవళేశ్వరం కొండని తొలిచి రాళ్ళు తెచ్చారు. తట్టలు మోసిన వేలాదిమందిలో మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. ఆ జనాన్ని కూడగట్టి పని నడిపించిన మన తెలుగు ఓవర్సీరు వీణం వీరన్న గారి పేరైనా మిగిలినందుకు సంతోషించాలి. ఆయన లేకపోతే పని సాగేది కాదని కాటనే మెచ్చుకున్నారు.

ఎండదెబ్బకి 1848లో కాటన్ మంచాన పడ్డారు. సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్ళక తప్పలేదు. ఆయన లేనప్పుడు కెప్టెన్ ఆర్ పని చూశారు. 1850లో తిరిగొచ్చి, 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించారు. అదే కాలంలో హేగ్ అనే యువ ఇంజనీరు గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టి, రాజోలు వైపు దీవికి నీళ్ళు దాటించారు. తర్వాతి కాలంలో అక్కడే కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఏ వేళకొచ్చినా విస్తరి వేసి అన్నం పెట్టిన ఆ మహా ఇల్లాలి పేరు, అన్నానికి మూలమైన నీళ్ళ వంతెనకి ఎంత బాగా అమరిందో చూడండి!

కాటన్ ఆలోచన మెట్ట సీమలకీ పాకింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట, రాయలసీమలో 1860లలో తవ్విన కర్నూలు కడప కాలవ ఆ దారిలో వచ్చినవే. 1861లో సర్ బిరుదు ఇచ్చారు. రైళ్ళ కంటే కాలవలే దేశానికి ముఖ్యమని వాదించినందుకు 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవలసి కూడా వచ్చింది.

నీళ్ళొచ్చాక మట్టికి ఏమైంది?

గోదావరి జిల్లా హద్దులు కొంత పెరిగిన మాట నిజమే గానీ, 1891 నాటికి జనాభా 20 లక్షలు దాటింది. వరి చేల గట్ల మీద కొబ్బరి, దిబ్బల మీద అరటి, మామిడి, లంకల్లో కూరపాదులు. కడియం చుట్టుపక్కల పూలమొక్కల నర్సరీలు.

ఇక్కడే అసలు విషయం ఉంది. మట్టి సత్తువ అంటే నీళ్ళు కాదు. ఎండిన ఆకు, చచ్చిన వేరు, పేడ, చెత్త కుళ్ళి నల్లగా మట్టిలో కలిసిపోతాయే, అదీ సత్తువ. దాన్నే సేంద్రియ పదార్థం అంటారు. మట్టి పరీక్ష చేయిస్తే కాగితం మీద సేంద్రియ కర్బనం అని రాస్తారు. అర శాతం కన్నా తగ్గితే నేల నీరసంగా ఉన్నట్టు. ముప్పావు శాతం దాటితే బాగున్నట్టు. ఎండలు మండే మన మెట్ట నేలల్లో చాలావాటికి ఆ అర శాతం కూడా ఉండదు. ఏడాదికొక పైరు, మిగతా కాలమంతా బోసి నేల. ఉన్న కాస్త సత్తువని ఎండే తినేస్తుంది.

అలాంటి నేలకి నీళ్ళిచ్చి పళ్ళచెట్లు పెడితే ఏమవుతుంది? చెట్టు ఏడాది పొడుగునా ఆకు రాలుస్తుంది. వేళ్ళు లోతుకి దిగుతాయి. నీడ పడి నేల చల్లబడుతుంది. ఏటా నాగలి పెట్టి తిరగేసే పని ఉండదు. దాంతో ఏళ్ళు గడిచేకొద్దీ పైమట్టి నల్లబడుతుంది, వానపాములు చేరతాయి, నీళ్ళు పట్టి ఉంచే గుణం పెరుగుతుంది. ఏలూరు, జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో కొబ్బరి నీడన కోకో వేసిన తోటలోకి వెళ్ళి చూడండి. కాలికింద మెత్తటి ఆకుల పరుపే!

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. తడి తగిలితే మట్టిలోని సూక్ష్మజీవులు చురుకవుతాయి. తినడానికి ఆకూ అలమూ దొరికితే సరేసరి. దొరకకపోతే ఉన్న పాత సత్తువనే తినేస్తాయి. చెత్తంతా ఊడ్చేసి, మట్టలు తగలబెట్టి, నీళ్ళూ యూరియా మాత్రం పోస్తూ ఉంటే తోట పైకి పచ్చగానే ఉంటుంది, మట్టి మాత్రం లోపల్లోపల ఖాళీ అయిపోతుంది. నీళ్ళు ఎక్కువై నిలవున్నా, సముద్రం వైపు ఉప్పు పైకి తేలినా మరీ చేటు.

పెరట్లో గోధుమలు

ఉద్యోగం వదిలి ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్ళో స్థిరపడ్డ కాటన్, ఎనభై దాటిన వయసులో కూడా ఊరికే కూర్చోలేదు. తన తోటలో మట్టిని లోతుగా తవ్వి, గాలీ వానా కిందిదాకా దిగేట్టు చేసి గోధుమలు పండించి చూశారు. నదుల్ని మళ్ళించిన మనిషి చివరికి గునపం పుచ్చుకుని మట్టి దగ్గరికొచ్చారు! పంటకి నీళ్ళొక్కటే చాలవు, నేల కూడా బాగుండాలని ఆయనకి తట్టి ఉండాలి. అయితే ఆ చలిదేశపు పద్ధతి ఉన్నదున్నట్టు మనకి పనికిరాదు. మన ఎండల్లో మట్టిని మాటిమాటికీ తిరగేస్తే సత్తువ ఇంకా తొందరగా హరించుకుపోతుంది. మనకి కావలసింది తవ్వడం కాదు, కప్పడం.

1899 జూలై 24న తొంభై ఆరేళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాదే కూతురు ఎలిజబెత్, లేడీ హోప్ పేరుతో, తండ్రి జీవితచరిత్ర అచ్చువేయించింది. ఈ రోజు ఆయన గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ కూతురు రాసిపెట్టిందే. పాత ఆనకట్ట బదులు 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తి చేసిన బ్యారేజీకి ఆయన పేరే ఉంచారు.

ఋణం ఎలా తీరుతుంది?

మన అమ్మమ్మల కాలంలో కొబ్బరి మట్ట ఒక్కటీ వృథా అయ్యేది కాదు. ఈనెలు చీపురుకి, ఆకు దడికి, మట్ట పొయ్యిలోకి, ఆ బూడిద మళ్ళీ పాదులోకి. పేడకళ్ళు పెంటకుప్పలోకి, అక్కణ్ణుంచి చేలోకి. గ్యాసు పొయ్యిలొచ్చి ఆడవాళ్ళకి పొగబాధ తప్పింది, మంచిదే. కానీ పొయ్యిలోకి వెళ్ళని మట్టలు తోటలోకీ వెళ్ళడం లేదు. ఓ మూల కుప్పేసి నిప్పు పెడుతున్నాం. కాసే కొబ్బరిచెట్టు నెలకొక మట్ట చొప్పున ఏడాదికి పన్నెండు దాకా రాలుస్తుంది. ఎకరం తోటలో ఎంతవుతుందో లెక్క వేసుకోండి. గెల కొట్టేశాక అరటి బోదె కూడా అంతే. నరికి ముక్కలు చేసి అక్కడే పడేస్తే, తీసుకున్న పొటాషియంలో చాలావరకు మట్టికి తిరిగి ఇచ్చేస్తుంది.

ఇంకో సంగతి. ఒకప్పుడు కాలవనీళ్ళతో ఒండ్రు కూడా చేలల్లోకి వచ్చేది. ఎగువన జలాశయాలు పెరిగాక నది మోసుకొచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయింది. అంటే నది పెట్టే ఎరువు తగ్గిన కాలంలోనే మనం ఆకుని కూడా కాల్చేస్తున్నాం! తాడిపూడి, పుష్కర ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు మెట్టకెక్కాయి. అక్కడా కొత్త తోటలు పడుతున్నాయి. అక్కడి మట్టి కూడా ఇదే అడుగుతుంది.

పెద్ద ఖర్చేం లేదు. చెట్టు పాదు చుట్టూ ఎండుమట్టలు, ఆకులు, కొబ్బరి పీచు పరచండి. వానాకాలం ముందు ఖాళీ జాగాలో జీలుగో, జనుమో చల్లి, పూతకొచ్చేసరికి కోసి పాదుల్లో వేయించండి. కూరల తొక్కలు, వాడిన పూలు పెరట్లో గుంటలో వేసి మట్టి కప్పండి. మూడేళ్ళకోసారి మట్టి పరీక్ష చేయించి ఆ అర శాతం లెక్క చూసుకోండి. తోటలో ఆకు తగలబెడుతుంటే వద్దని చెప్పగలిగేది ఆ ఇంటి ఆడవాళ్ళే. చెబితే వింటారు కూడా.

మే 15న విగ్రహానికి వేసే దండ సాయంత్రానికి వాడిపోతుంది. ఆ వాడిన దండని చెత్తబుట్టలో కాకుండా ఏ కొబ్బరి పాదులోనో వేయిస్తే, నీళ్ళిచ్చిన పెద్దాయనకి అది కూడా పూజే.