రామమోహనుని ఆంగ్ల భాషాభ్యాసము

రాజా రామమోహన రాయ్ ఆంగ్లమును బాల్యమున నేర్చినవాడు కాడు. 1772లో (1774 అనువారును కలరు) నేటి హుగ్లీ జిల్లాలోని రాధానగర గ్రామమున జన్మించిన ఆ వంగీయునకు మాతృభాషతోబాటు తొలుత అబ్బినవి పారసీకము, అరబ్బీ, సంస్కృతము. కచేరీలలో కొలువు కోరువారికి ఆ దినములలో పారసీకమే కూడుపెట్టు విద్య. ఇరువది రెండవ యేట ఆంగ్లము మొదలిడెనుగాని, శ్రద్ధ నిలువక ఆ చదువు కుంటుచునే సాగెను.

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియగు జాన్ డిగ్బీతో ఆయనకు 1801లో పరిచయము కలిగెను. అప్పటికి రామమోహనుడు సామాన్య విషయములను ఎదుటివానికి బోధపడునట్లు ఆంగ్లమున మాటలాడగలిగెడివాడు. తప్పులు లేకుండ వ్రాయుట మాత్రము చేతకాకుండెను. మరి రెండు మూడేండ్లకే అరబ్బీ పీఠికతో పారసీక గ్రంథమును ప్రకటించిన పండితుని స్థితి యిది!

పిమ్మట ఆయన డిగ్బీ కడ కొలువున చేరి, ఆతడు బదిలీయైన చోట్లకు వెంటనేగి, తుదకు రంగపురమున దివాను పని చూచెను. ఈ సంవత్సరములలోనే ఆంగ్లము ఆయనకు వశమయ్యెను. కచేరికి వచ్చు ఉత్తరములనన్నింటిని శ్రద్ధగా చదువుట, తెల్లదొరలకు తాను లేఖలు వ్రాయుట, వారితో సంభాషించుట, ఇదియే ఆయన పాఠక్రమము. ఆంగ్ల వార్తాపత్రికలను విడువక చదివెడివాడు. ఐరోపా రాజకీయములన్న చెవికోసుకొనెడివాడు. నెపోలియను ప్రజ్ఞకు ముగ్ధుడయ్యెను. చెప్పవలసిన సంగతి మనసునిండ నున్నవానికి మాట వెదకుకొనుచు వచ్చును కాబోలు. తరగతి గదులలో ఆవును గూర్చి పది వాక్యములు వల్లెవేయించి, పిల్లలకు ఆంగ్లము నోట రాలేదని వగచు ఉపాధ్యాయులు ఈ ఘట్టమును గమనింపవచ్చును.

ఆ భాష అక్కర ఆయనకు ఎట్టిదో 1809లో తెలిసివచ్చెను. ఆ జనవరిలో భాగల్పురమున పల్లకిలో పోవుచుండగా, దారి ప్రక్కనున్న కలెక్టరు సర్ ఫ్రెడరిక్ హామిల్టను, ఈ నల్లవాడు తన యెదుట పల్లకి దిగలేదని కోపించి దుర్భాషలాడెను. పల్లకి తలుపులు మూసియుండుటచే దొరను చూడలేదని రామమోహనుడు దిగి సవినయముగా చెప్పినను ఆతడు శాంతింపలేదు. ఆయన మరల పల్లకి యెక్కి తన దారిని పోయెను. ఏప్రిలులో ఆయన పేర గవర్నరు జనరలు మింటో ప్రభువునకు ఒక అర్జీ చేరెను. ఆయనవిగా మనకు దక్కిన ఆంగ్ల రచనలలో మొదటిదిగా దీనినే చెప్పుదురు. ఇకముందు స్వదేశీయులతో ఇట్టి కలహములు కూడదని హామిల్టనునకు ప్రభుత్వము హెచ్చరిక చేసెను.

రంగపురమున రామమోహనుని దివానుగా స్థిరపరుపుమని డిగ్బీ పట్టుపట్టి వ్రాయగా, రెవెన్యూ బోర్డు ఒప్పుకొనకపోవుటయేగాక ఆతని వ్రాతతీరునకు కినుక వహించెను. శిష్యునికై గురువే మాటపడెను. ఆ స్నేహము చెడలేదు. కలకత్తాలో స్థిరపడిన రామమోహనుడు 1816లో ఆంగ్లమున వెలువరించిన వేదాంత సంగ్రహమును మరుసటి యేట లండనులో పునర్ముద్రింపించినవాడు డిగ్బీయే. మిత్రుని ఆంగ్లాభ్యాసమును గూర్చి మనకు తెలిసిన వివరములలో పెక్కు ఆతడు దానికి వ్రాసిన పీఠికలోనివే.

సంభాషణ ఒక వైపే పారునది కాదు. సువార్తలను వంగభాషకు తెచ్చు పనిలో రామమోహనునితో కూడి శ్రమించిన క్రైస్తవ ప్రచారకుడు విలియం ఆడం, ఆయనతో చేసిన చర్చల ఫలితముగా 1821లో త్రిత్వ సిద్ధాంతమునే విడనాడెను. తోడి మిషనరీలు ఆతనిని రెండవమారు పతితుడైన ఆదాము అని ఎగతాళి చేసిరి. మతము మార్పింప వచ్చినవాడే మారిపోయెను!

1818 మొదలు సహగమనమును ఖండించు ఆంగ్ల వ్యాసములు, 1823లో పత్రికా స్వాతంత్ర్యమునకై విన్నపము, అదే యేట విద్యను గూర్చి ఆంహర్స్టు ప్రభువునకు లేఖ వెలువడెను. 1831 ఏప్రిలులో రామమోహనుడు లివర్‌పూలు రేవున దిగెను. సహగమన నిషేధమును రద్దు చేయుమని ఛాందసులు చేసికొన్న అప్పీలును ప్రివీ కౌన్సిలు 1832 జూలైలో కొట్టివేయునపుడు ఆయన అచ్చటనే యుండెను. మరుసటి యేట సెప్టెంబరు 27న బ్రిస్టలు నగర సమీపమున జ్వరముతో కన్నుమూసెను.