డబ్బా విమానం చేసిన ఎడ్విన్ లింక్

మన వైజాగ్ నేవల్ బేస్‌లో ఐ.ఎన్.ఎస్. శాతవాహన అనే సబ్‌మెరైన్ స్కూలు ఉంది. అక్కడ నేర్చుకునేవాళ్లు సముద్రంలోకి వెళ్లకముందే సిమ్యులేటర్‌లో కూర్చుని ప్రాక్టీస్ చేస్తారు. పోర్టు క్రేన్, రైలింజను, విమానం, వేటికైనా ఇప్పుడు ఇదే పద్ధతి. దీనికి దారి వేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్.

ఆయన 1904 జులై 26న అమెరికాలోని ఇండియానాలో పుట్టారు. వాళ్ల నాన్నగారికి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో పియానోలు, మూకీ సినిమా హాళ్లలో వాయించే ఆర్గాన్లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గాన్ అంటే గాలితో మోగే వాద్యం, మన హార్మోనియానికి పెద్దన్నయ్య అనుకోండి. గాలి తిత్తులు, పంపులు, వాల్వులతో పని లింక్ అక్కడే నేర్చుకున్నారు.

1920లో 50 డాలర్లు కట్టి మొదటి ఫ్లయింగ్ లెసన్‌కి వెళ్లారు. పైలట్ గాల్లో పల్టీలు కొట్టించి దించేశాడు గానీ, కంట్రోల్స్ మీద చెయ్యి కూడా వేయనివ్వలేదు. అంత డబ్బు పోసి నేర్చుకున్నది సున్నా! కొంత విద్య నేల మీదే నేర్పగలిగితే ఖర్చు తగ్గుతుంది కదా అనుకున్నారు లింక్.

1929 నాటికి ఫ్యాక్టరీలోనే ఓ డబ్బా విమానం తయారైంది. పొట్టి రెక్కలున్న పెట్టె, దాని కింద ఆర్గాన్ తిత్తులు. స్టిక్ కదిపితే వాల్వులు తెరుచుకుని, తిత్తులు ఉబ్బుతూ ముడుచుకుంటూ పెట్టెని ఒరిగిస్తాయి, ముక్కు ఎత్తి దించుతాయి. ఫ్లయింగ్ స్కూళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఎక్కువగా కొన్నది అమ్యూజ్‌మెంట్ పార్కులే!

1934 ఫిబ్రవరిలో అమెరికాలో ఎయిర్ మెయిల్ పని ఆర్మీకి అప్పగించారు. రాత్రిపూట, మంచులో, పరికరాలు మాత్రమే చూసి నడపడం అలవాటు లేని పైలట్లు కూలిపోసాగారు. కొద్ది నెలల్లోనే దాదాపు డజను మంది పోయారు. ఆర్మీ అధికారులు లింక్‌ని న్యూవార్క్‌కి రమ్మన్నారు. ఆరోజు వాతావరణం బాగోలేదు, ఇక రారులే అనుకుంటుండగా ఆయన విమానం దిగింది. అంతకన్నా రుజువేం కావాలి? ఆర్మీ ఆరు ట్రైనర్లు కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి సుమారు 10,000 ట్రైనర్లు తయారయ్యాయి, లక్షలమంది వాటి మీద నేర్చుకున్నారు.

1954లో కంపెనీ జనరల్ ప్రెసిషన్‌లో కలిశాక లింక్ మనసు సముద్రం మీదకు మళ్లింది. జాన్సన్ సీ లింక్ అనే చిన్న సబ్‌మెరైన్ రూపొందించారు. 1973 జూన్‌లో ఫ్లోరిడా తీరంలో అది మునిగిన ఓడ శిథిలాల్లో చిక్కుకుంది. లోపల నలుగురు. ముందు గది యాక్రిలిక్, వెనక గది అల్యూమినియం. అల్యూమినియం వల్ల వెనక గది బాగా చల్లబడింది. ఆ చలికి కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే రసాయనం సరిగా పనిచేయలేదు. 30 గంటలు దాటాక పైకి తీస్తే ముందున్న ఇద్దరు బతికారు, వెనకున్న ఇద్దరు చనిపోయారు. వాళ్లలో ఒకరు లింక్ కొడుకు క్లేటన్.

ఆ తండ్రి పని ఆపలేదు. చిక్కుకున్న సబ్‌మెరైన్ దగ్గరికి మనిషి లేకుండా వెళ్లి, కెమెరాతో చూసి సాయం చేసే రక్షణ యంత్రం మీద పనిచేశారు. 1981 సెప్టెంబరు 7న కన్నుమూశారు.

సిమ్యులేటర్‌లో మనం ముందే ఊహించిన ప్రమాదాలే ఉంటాయి. ఊహకు రానిది అందులో ఉండదు. రేపు మనలో ఎవరు పోర్టులోనో స్టీల్ ప్లాంట్‌లోనో చేరినా ఈ ఒక్క మాట మర్చిపోవద్దు.