తప్పులు చేస్తూ నేర్చుకునే యంత్రం: ఫ్రాంక్ రోసెన్‌బ్లాట్ జీవితం

1958 జూలై. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నౌకాదళం వాళ్లు విలేకరులను పిలిచి ఒక వింత చూపించారు. గది నిండా పరుచుకున్న ఐబీఎం 704 కంప్యూటర్ అది, బరువు 5 టన్నులు. దానికి ఒక్కొక్కటిగా పంచ్ కార్డులు అందించారు. కొన్నింటి మీద గుర్తు ఎడమ పక్కన ఉంది, కొన్నింటి మీద కుడి పక్కన. మొదట్లో యంత్రం తడబడింది. తప్పు జరిగినప్పుడల్లా లోపలి లెక్కను కొంచెం సర్దుకుంది. 50 కార్డులు చూశాక ఏది ఎడమో ఏది కుడో పట్టేసింది. ఎలా గుర్తుపట్టాలో నియమం ఎవరూ రాసి ఇవ్వలేదు.

ఈ పని వెనక ఉన్నది ఇంజినీరు కాదు. మనస్తత్వ శాస్త్రం చదివిన, ఇంకా ముప్పై నిండని యువకుడు ఫ్రాంక్ రోసెన్‌బ్లాట్.

మెదడు మీద మోజు

రోసెన్‌బ్లాట్ 1928 జూలై 11న న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ రోషెల్‌లో పుట్టాడు. బ్రాంక్స్ హైస్కూల్ ఆఫ్ సైన్స్‌లో చదువు ముగించి కార్నెల్ యూనివర్సిటీలో చేరాడు. 1950లో డిగ్రీ, 1956లో మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ వచ్చాయి. తర్వాత బఫెలోలోని కార్నెల్ ఏరోనాటికల్ లేబొరేటరీలో ఉద్యోగం.

అతన్ని పట్టి పీడించిన ప్రశ్న ఒకటే. మనిషి మెదడు ఇంత బాగా ఎలా పనిచేస్తోంది? అందులో ఏ రెండు నరాల అల్లికా అచ్చం ఒకేలా ఉండదు. రోజూ కొన్ని కణాలు చనిపోతూనే ఉంటాయి. అయినా అమ్మ ముఖం మరిచిపోం. అప్పటి కంప్యూటర్లు అలా కాదు. ఒక్క తీగ ఊడినా, ఒక్క అంకె తప్పినా మొత్తం పని ఆగిపోయేది.

1957లో ఈ ప్రశ్నకు జవాబుగా ఒక నమూనా తయారు చేశాడు. దానికి పర్‌సెప్ట్రాన్ అని పేరు పెట్టాడు. నేటి న్యూరల్ నెట్‌వర్క్‌లకు పెద్దదిక్కు అదే.

400 కళ్ల యంత్రం

1960 నాటికి ఆ నమూనా నిజమైన యంత్రంగా నిలబడింది. పేరు మార్క్ 1 పర్‌సెప్ట్రాన్. దానికి కళ్లుగా 400 ఫొటోసెల్స్, 20 వరసలు, వరసకు 20 చొప్పున. వాటి నుంచి తీగలు వెళ్లి 512 యూనిట్లను కలిసేవి. ఆ తీగల్ని ఒక పద్ధతి అంటూ లేకుండా, కావాలనే ఎలా పడితే అలా కలిపారు. చివర్లో జవాబు చెప్పే యూనిట్లు 8.

అసలు కిటుకు మధ్య యూనిట్లకూ జవాబు యూనిట్లకూ నడుమ ఉంది. ఒక్కో కనెక్షన్‌కు ఎంత బలం ఇవ్వాలో చెప్పే గుండీలు ఉండేవి, రేడియోలో సౌండ్ పెంచే గుండీల్లాంటివి. వాటిని చిన్న మోటార్లు తిప్పేవి. యంత్రం ఒక అక్షరాన్ని సరిగ్గా చెబితే గుండీలు అలాగే ఉంటాయి. తప్పు చెబితే, ఆ తప్పుకు కారణమైన గుండీలు కొంచెం తిరుగుతాయి. పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టు, మళ్లీ మళ్లీ.

ఇందులో రెండు గొప్ప గుణాలున్నాయి. ఒకటి, యంత్రం పరిస్థితికి తగ్గట్టు మారగలదు. కొత్త ఆకారాలు గుర్తుపట్టాలంటే తీగలు విప్పి మళ్లీ కట్టక్కర్లేదు, కొత్త ఉదాహరణలు చూపిస్తే చాలు. రెండోది, దెబ్బ తగిలినా తట్టుకోగలదు. ఆ యంత్రంలో జ్ఞాపకం ఒక చోట దాచి పెట్టి ఉండదు, అన్ని కనెక్షన్లలో పంచి ఉంటుంది. కొన్ని యూనిట్లు తీసేస్తే ఏదో ఒక అక్షరం పూర్తిగా మరిచిపోదు. మొత్తం పనితనం కాస్త మందగిస్తుంది, అంతే. ఈ మాట రోసెన్‌బ్లాట్ 1958 నాటి తన పరిశోధన పత్రంలోనే రాశాడు.

పొగడ్తే శాపం అయ్యింది

పత్రికలు మాత్రం అక్కడితో ఆగలేదు. ఈ యంత్రం రేపు నడుస్తుందని, మాట్లాడుతుందని, తన ఉనికిని తానే తెలుసుకుంటుందని రాసేశాయి. రోసెన్‌బ్లాట్ కూడా ఉత్సాహంలో పెద్ద పెద్ద ఆశలే పెట్టాడు. తోటి శాస్త్రవేత్తలకు ఇది నచ్చలేదు.

వాళ్లలో ముఖ్యుడు మార్విన్ మిన్‌స్కీ. అతనూ బ్రాంక్స్ హైస్కూల్ విద్యార్థే. 1969లో మిన్‌స్కీ, సీమోర్ పాపెర్ట్ కలిసి పర్‌సెప్ట్రాన్ల మీదే ఒక పుస్తకం రాశారు. వాటికి చేతకాని పనులేమిటో గణితంతో నిరూపించారు.

ఒక ఉదాహరణ ఇంట్లోనే దొరుకుతుంది. మెట్ల లైటుకు పైన ఒక స్విచ్చి, కింద ఒక స్విచ్చి ఉంటాయి. ఏదో ఒకటి మాత్రమే వేస్తే లైటు వెలుగుతుంది. రెండూ వేస్తే ఆరిపోతుంది. రెండు స్విచ్చుల్ని నేరుగా చూసే ఒంటి పొర యంత్రం ఈ చిన్న సంగతి ఎప్పటికీ నేర్చుకోలేదు. కారణం తేలికే. అది బలాలను కూడుతుంది. ఒక్కో స్విచ్చి విడిగా లైటు వెలిగించేంత బలం ఉన్నదైతే, రెండూ కలిస్తే బలం ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు.

మధ్యలో నేర్చుకునే పొర ఇంకొకటి పెడితే ఈ చిక్కు విడిపోతుంది. రోసెన్‌బ్లాట్‌కు ఆ సంగతి తెలుసు. 1962లో వచ్చిన తన పుస్తకంలో ఎక్కువ పొరల నెట్‌వర్క్‌ల గురించీ, తప్పును చివరి నుంచి వెనక్కి పంపి సరిదిద్దడం గురించీ రాశాడు. కానీ ఆ లోపలి పొరలకు నమ్మకంగా నేర్పే దారి దొరకలేదు. ఈలోగా ఈ రంగం మీద చాలామందికి నమ్మకం పోయింది. పరిశోధన నిధులూ తగ్గిపోయాయి.

పడవ మీద చివరి రోజు

రోసెన్‌బ్లాట్ కూలబడిపోలేదు. కార్నెల్‌లో పాఠాలు చెబుతూ జీవశాస్త్రం వైపు మళ్లాడు. నేర్చుకున్న విద్య ఒక ఎలుక మెదడు నుంచి ఇంకో ఎలుకకు ఎక్కుతుందా అని పరీక్షలు చేశాడు. ఆ రోజుల్లో కొందరు ఎక్కుతుందని దావా చేశారు, అది నిలబడలేదు. ఇంటి దగ్గర టెలిస్కోప్ పెట్టుకుని చుక్కలు చూసేవాడు. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటినప్పుడు వెలుగు తగ్గుతుంది కాబట్టి, దాన్ని కొలిచి దూరపు గ్రహాలను కనిపెట్టే పద్ధతి మీద పత్రం రాశాడు. తర్వాతి తరాలు వేలాది గ్రహాలను పట్టుకున్నది ఇలా తగ్గే వెలుగును చూసే.

1971 జూలై 11న చెసపీక్ బే నీళ్లలో పడవ ప్రమాదంలో చనిపోయాడు. ఆ రోజు అతని 43వ పుట్టినరోజు.

పదిహేనేళ్ల తర్వాత, 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ కలిసి తప్పును వెనక్కి పంపి లోపలి పొరలకు నేర్పే పద్ధతిని గట్టిగా నిలబెట్టారు. 2012 తర్వాత లోతైన నెట్‌వర్క్‌లు ఫొటోలు, మాటలు గుర్తుపట్టడంలో మిగతా పద్ధతులను దాటేశాయి. ఇప్పుడు ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అక్షరాలై కనిపించేది ఈ విద్య వల్లే. హింటన్‌కు 2024లో భౌతిక శాస్త్ర నోబెల్ కూడా వచ్చింది.

రోసెన్‌బ్లాట్ అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా ముగియలేదు. నెట్‌వర్క్ ఏ ఒక్క యూనిట్ మీదా ఎక్కువ ఆధారపడకుండా ఉండాలని, నేర్పేటప్పుడు కొన్ని యూనిట్లను కావాలనే ఆపేసే పద్ధతి ఇప్పుడు మామూలైంది. అయినా ఫొటోలో కంటికి కనిపించనంత చిన్న మార్పు చేస్తే పెద్ద పెద్ద నెట్‌వర్క్‌లు సైతం పొరబడుతున్నాయి. కొత్త పాఠం నేర్పితే పాతది మరిచిపోతున్నాయి. కొత్తదానికి తగ్గట్టు మారాలి, ఉన్నది పోగొట్టుకోకూడదు. మెదడు రోజూ చేసే ఈ పని యంత్రానికి నేర్పడానికి శాస్త్రవేత్తలు నేటికీ కష్టపడుతున్నారు.

మార్క్ 1 యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది. రోసెన్‌బ్లాట్ పేరు మీద అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ ఒక అవార్డు ఇస్తోంది.