సర్ జాన్ చార్న్‌లీ

మన దేహములోని కీళ్లు నొప్పి లేక కదలుచున్నంతవరకు వాని ఉనికినే మనము తలంపము. ఒక్క కీలు చెడిన నాడు గాని దాని విలువ తెలియదు. అప్పుడు మంచము దిగి గడప దాటుటయే గొప్ప ప్రయాణమగును. తుంటి కీలు చెడి నడక కోల్పోయిన లక్షలాది జనులను మరల నడిపించిన వైద్యుడు సర్ జాన్ చార్న్‌లీ.

ఆయన 1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండు దేశమున లాంకషైరు మండలములోని బరీ పట్టణమునందు జన్మించెను. తండ్రి మందుల దుకాణము నడుపుచుండెను. తల్లి రోగుల పరిచర్యలో శిక్షణ పొందినది. చార్న్‌లీ మాంచెస్టరు విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రమభ్యసించి 1935లో పట్టము పొందెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యవైద్యుడై ఈజిప్టులో పనిచేసెను. అచ్చటి సైనిక కర్మశాలలో, గాయపడినవారికి ఉపయోగపడు పరికరములను చేయించెను. యంత్రములయందు ఆయనకు చిన్ననాటినుండియు ఆసక్తి మెండు. యుద్ధానంతరము మాంచెస్టరునకు తిరిగివచ్చి ఎముకల వైద్యమునకే తన జీవితమును అంకితము చేసెను.

ఆయన దృష్టి క్రమముగా తుంటి కీలుపై నిలిచెను. తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రముగా నుండును. అది కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో అమరి అన్ని వైపులకును తిరుగును. మోచేయి కీలు మాత్రము తలుపు బందువలె ఒకే తీరున మడతపడును. కీలునందు కలిసెడి ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. బలమైన సంధిబంధనములు ఎముకను ఎముకతో బిగించి, కీలు తొలగకుండ కాపాడును. మృదులాస్థియు, సంధిబంధనములును, దేహభాగములను కూర్చి నిలుపు సంయోజక కణజాలమునకు చెందినవే. కీలును చుట్టియున్న తిత్తిలో ఒక జిగట ద్రవము ఊరి, కీలు సులభముగా కదలుటకు తోడ్పడును. అయితే మృదులాస్థిలో రక్తనాళములు లేవు. అందుచేత అది అరిగిపోయినచో మరల పూర్వమువలె పెరుగుట దుర్లభము. అప్పుడు ఎముక ఎముకతో రాపిడి చెంది భరింపరాని బాధ కలుగును.

ఒకనాడు చార్న్‌లీ వద్దకు ఒక రోగి వచ్చెను. ఆతని తొడ ఎముక కొనను తొలగించి, దాని స్థానమున గట్టి ప్లాస్టిక్కు బంతిని లోగడ అమర్చియుండిరి. ఆతడు కదలినప్పుడెల్ల ఆ కీలు కిర్రుమని చప్పుడు చేయుచుండెను. ఇంటిలోనివారికి ఆ చప్పుడు దుస్సహమయ్యెను. దీనిని ఇతరులు విని ఊరకుండిరేమో గాని, చార్న్‌లీ ఊరకుండలేదు. సహజమైన కీలు ఏల కిర్రుమనదు? ఆయన ప్రయోగములు చేసి, సహజమైన కీలు మంచుపై జారెడి మంచుకన్నను నునుపుగా జారునని గ్రహించెను. దేహములోని ద్రవము మృదులాస్థికి ఉపకరించునంతగా కృత్రిమ వస్తువునకు ఉపకరింపదు. కావున కృత్రిమ కీలు తనంతట తానే జారెడి వస్తువుతో చేయబడవలెనని నిశ్చయించెను.

విగన్ పట్టణ సమీపమున రైటింగ్టన్ వైద్యశాల కలదు. పూర్వమక్కడ క్షయరోగులకు చికిత్స జరుగుచుండెడిది. చార్న్‌లీ దానిని తన కార్యక్షేత్రముగా చేసికొనెను. చిన్న ఉక్కు బంతిని తొడ ఎముకలోను, టెఫ్లాన్ అను జారెడి ప్లాస్టిక్కు గిన్నెను కటి ఎముకలోను అమర్చెను. దంతవైద్యులు కట్టుడు పండ్లకు వాడెడి ఆక్రిలిక్ ముద్దతో వానిని ఎముకలో స్థిరపరచెను. ఏండ్ల తరబడి బాధపడినవారు కొలది వారములలో నొప్పి లేక నడచిరి. ఇంచుమించు మూడువందల మందికి ఈ చికిత్స జరిగెను.

కాని ఆ సంతోషము నిలువలేదు. రెండు మూడు సంవత్సరములలో టెఫ్లాన్ అరిగి పొడియై, చుట్టునున్న కండను వాచునట్లు చేసెను. రోగులకు నొప్పి తిరిగివచ్చెను. చార్న్‌లీ హృదయము క్రుంగెను. అయినను ఆయన తన తప్పును దాచలేదు, ఇతరులపై నెట్టలేదు. తన్ను నమ్మిన ఆ రోగులకు తానే మరల శస్త్రచికిత్స చేసి చెడిన గిన్నెలను తొలగించెను.

1962 మే మాసమున ఒక వర్తకుడు లాంకషైరు నేతమిల్లులలోని యంత్రచక్రములకు వాడెడి పాలిథిలీన్ ముక్క నొకదానిని తెచ్చెను. చార్న్‌లీ దానిని గోటితో నొక్కి చూచి, పనికిరాదని తలంచి వెడలిపోయెను. ఆయన సహాయకుడు హ్యారీ క్రేవెన్ మాత్రము దానిని విడువక యంత్రముపై పరీక్షింపసాగెను. టెఫ్లాన్ ఒక్క దినములో అరిగినంతకూడ ఆ ముక్క మూడు వారములలో అరుగలేదు. ఊరినుండి తిరిగివచ్చిన చార్న్‌లీ దానిని చూచి, తన అభిప్రాయమును వెంటనే మార్చుకొనెను. అయినను ఈ మారు తొందరపడలేదు. టెఫ్లాన్ పొడిని, పాలిథిలీన్ పొడిని తన తొడలోనే ఎక్కించుకొని చూచెను. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ కట్టెను, రెండవచోట కట్టలేదు. 1962 నవంబరులో క్రొత్త గిన్నెను అమర్చుట ప్రారంభించెను. చాల కాలమువరకు రైటింగ్టన్‌కు వచ్చి నేర్చుకొన్న వైద్యులకు మాత్రమే ఆ కీళ్లను ఇప్పించెను. రోగుల అనుమతి పొంది, వారి మరణానంతరము ఆ కీళ్లను తీసి, ఎంత అరిగెనో పరిశీలించుచుండెను.

శస్త్రచికిత్సలో చీము పట్టకుండుటకై వడకట్టిన గాలి ప్రసరించు ప్రత్యేకమైన గదిని నిర్మించెను. మొదట నూటికి ఏడుగురికి చీము పట్టుచుండగా, తరువాత నూటికి ఒక్కరికికూడ పట్టని స్థితి ఏర్పడెను.

1975లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1977లో సర్ బిరుదము లభించెను. 1982 ఆగస్టు 5వ తేదీన ఆయన పరమపదించెను. నేడు ప్రపంచమున ఏటేట పది లక్షలకు పైగా తుంటి కీళ్లు మార్చబడుచున్నవి. ఆ చికిత్సలన్నిటికిని మూలము రైటింగ్టన్‌లో ఆయన వేసిన బాటయే. చార్న్‌లీ మేధ గొప్పది. కాని తన ఓటమిని తానే ఒప్పుకొని, దానిని సరిదిద్దువరకు విశ్రమింపని ఆయన నిజాయితీ అంతకన్నను గొప్పది.