హైదరాబాదు డాక్టరు లారీ

1847లో క్లోరోఫారము వైద్యమునకు వచ్చిన పిమ్మట కోతబాధ తీరినది గాని, కొందరు రోగులు మత్తులోనే కన్నుమూయుచుండిరి. ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా? లండను వైద్యులు నాడిని నమ్ముకొనిరి. ఎడిన్‌బరోలో జేమ్సు సైము శిష్యుడైన ఎడ్వర్డు లారీ మాత్రము, గురువు నేర్పినట్లు, శ్వాసనే కనిపెట్టుచుండెను. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నున్న ఆయన అఫ్జల్‌గంజి ఆసుపత్రిలో విద్యార్థులకును ఆ పద్ధతినే నేర్పెను. మత్తువైద్యమున పేరుగాంచిన రూపాబాయి ఫర్దూన్‌జీ అచ్చటి విద్యార్థినియే.

1888లో లారీ నడపిన తొలి క్లోరోఫారము కమిషను కుక్కలపై పరీక్షలు జరిపి, ముందాగునది ఊపిరియే యని తేల్చెను. లాన్సెటు పత్రిక నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మహబూబు అలీఖాను వేయి పౌనులిచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రప్పించెను. సంశయించువానినే పిలిపించి పరీక్షింపజేయుట సామాన్యమైన ధైర్యము కాదు. 1889లో వచ్చిన లాడరు బ్రంటను గుండెకే అపాయమను నమ్మకముతో వచ్చెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిగిన పిమ్మట లారీ పక్షమునకు మారెను.

ఆ విజయమే లారీని పెడదారి పట్టించెననవచ్చును. క్లోరోఫారము గుండెను నేరుగా తాకదని ఆయన పట్టుపట్టెను. మత్తు చాలీచాలనప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి నిలిచిపోగలదని 1911లో గుడ్‌మను లీవీ పిల్లులపై నిరూపించెను.