యూజెన్ సాండో

యూజెన్ సాండో (ఏప్రిల్ 2, 1867 - అక్టోబరు 14, 1925) ప్రష్యాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన సుప్రసిద్ధ బలశాలి, వ్యాయామ ప్రచారకుడు. ఇతని అసలు పేరు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ముల్లర్. ఇతనిని ఆధునిక దేహదారుఢ్య కళకు పితామహునిగా పేర్కొంటారు. సర్కసు వస్తాదుల విద్యగా పేరుపడిన బరువుల సాధనను సామాన్యులు ఇంటివద్దనే చేసుకొనదగిన నిత్యవ్యాయామంగా ప్రచారం చేయుట ఇతని ముఖ్యమైన కృషి.

తొలి జీవితము

సాండో కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. ఈ నగరం ఇప్పుడు కాలినిన్‌గ్రాడ్ అనే పేరుతో రష్యాలో ఉన్నది. యౌవనంలో స్వదేశం విడిచి సర్కసులలో పనిచేశాడు. ప్రొఫెసర్ అటిలాగా పేరొందిన లూయీ డుర్లాకర్ వద్ద బరువులెత్తుటలో శిక్షణ పొందాడు. 1889లో లండనులో శాంప్సన్ అనే బలశాలి సవాలును స్వీకరించి అతనిని ఓడించడంతో సాండో పేరు మారుమ్రోగింది.

ప్రదర్శనలు

1893లో అమెరికా వెళ్ళి, చికాగోలో ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ నిర్వహణలో ప్రదర్శనలిచ్చాడు. ఎత్తిన బరువులకన్న ఎత్తిన దేహమే ప్రేక్షకులను ఎక్కువగా ఆకర్షించుట గమనించి, కండరాల ప్రదర్శనకు ప్రాధాన్యమిచ్చారు. 1894లో థామస్ ఎడిసన్ స్టూడియోలో ఇతనిపై ఒక లఘుచిత్రం తీశారు. 1905లో భారతదేశంలోనూ ప్రదర్శనలిచ్చాడు.

వ్యాయామ పద్ధతి

తాను బాల్యంలో బలహీనుడనని, ఇటలీలో ప్రాచీన శిల్పాలను చూసి సాధన ఆరంభించానని సాండో తన రచనలలో చెప్పుకున్నాడు. బలం పుట్టుకతో వచ్చేది కాదు, సాధనతో ఎవరైనా పొందవచ్చుననేది ఇతని బోధనల సారాంశం. తేలికపాటి డంబెల్స్‌తో ప్రారంభించి, ప్రతి కదలికను ఎన్నిమార్లు చేయాలో లెక్కగా పెంచుకుంటూ పోవాలని, చేసేటప్పుడు మనస్సును ఆ కండరంపైనే నిలపాలని బోధించాడు. తాను వేదికపై ఎత్తిన భారీ బరువులను సామాన్యులకు సూచించలేదు.

1897లో లండనులో వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. 1898లో ఒక వ్యాయామ పత్రికను ప్రారంభించాడు. రెండు సగాల మధ్య స్ప్రింగులు అమర్చిన డంబెల్స్ విక్రయించాడు. వీటిని పట్టుకున్నంతసేపు పిడికిలి బిగించి ఉంచవలసి వచ్చేది.

1901 పోటీ

1901 సెప్టెంబరు 14న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో దేహదారుఢ్య పోటీ నిర్వహించాడు. రచయిత ఆర్థర్ కానన్ డాయల్, శిల్పి చార్లెస్ లాస్ ఇతనితోపాటు న్యాయనిర్ణేతలు. కండల పరిమాణం ఒక్కటే కాక అవయవ సౌష్ఠవం, ఆరోగ్యం కూడా పరిశీలించారు. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రే విజేతగా నిలిచాడు.

చివరి దశ

1911లో ఐదవ జార్జి చక్రవర్తి ఇతనిని తన వ్యాయామ ఆచార్యునిగా నియమించాడు. కాని ఇతని కోకో వ్యాపారం మొదటి ప్రపంచ యుద్ధకాలంలో దెబ్బతిన్నది. 58 ఏళ్ళ వయసులో లండనులో మరణించాడు. లక్షలాది మందికి తెలిసిన ఈ బలశాలి సమాధిపై చాలాకాలం పేరుగల ఫలకమైనా లేదు. 2002లో ఒక అభిమాని ఫలకం వేయించగా, 2008లో దాని స్థానంలో శిలను నిలిపారు.

గుర్తింపు

1977 నుండి మిస్టర్ ఒలింపియా విజేతకు సాండో ప్రతిమను బహూకరిస్తున్నారు. దక్షిణ భారతంలో ఇతని పేరు బలశాలికి బిరుదుగా మారింది. తమిళ చిత్ర నిర్మాత సాండో చిన్నప్ప దేవర్ పేరు ఇందుకు ఉదాహరణ.