జాషువా పంతులుగారు

గుర్రం జాషువా మహాకవి అని నకరికల్లులో ఏ విద్యార్థిని అడిగినా చెబుతారు. వినుకొండవాడు, మన పల్నాడువాడు. మరి ఏం పని చేసి బతికారు అంటే చాలామంది ఆగిపోతారు. పరిశోధనలో అడుగుపెట్టిన కొత్తలో మేమూ అలాగే ఆగాం. ఆయన బడిపంతులు.

1895 సెప్టెంబరు 28న పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవ కుటుంబం. బడిలో చేరిన నాటి నుంచే అవమానాలు మొదలయ్యాయి. అదే బడిని ఆయన బతుకుదెరువు చేసుకున్నారు. మొదట మిషనరీ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతం. ఆ కొలువూ పోయింది. 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమా ఆడుతుంటే కథ, మాటలు చదివి వినిపించే పని చేశారు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు. అంటే పంతుళ్లను తయారుచేసే పంతులు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే మరో బడిలో పాఠాలు చెప్పారు.

చెప్పడమే కాదు, పట్టుబట్టి నేర్చుకున్నారు కూడా. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు కావ్యాలు చదివారు. మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు. 1941లో వచ్చిన గబ్బిలంలో అంటరానివాడు తన ఆకలిని, అవమానాన్ని కాశీలోని శివుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. గుడిలోకి తనకు లేని దారి గబ్బిలానికి ఉంది. మనకు దక్కనివ్వని చదువును దక్కించుకుని, దానితోనే మన బాధను నిలదీసి అడగడం ఇది.

1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ అందాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. విశ్వవిద్యాలయం ఆయన్ని గౌరవించింది, నిజమే. కానీ ఆచార్యుడిగా ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ పాఠం చెప్పలేదు. సన్మానం వచ్చేనాటికి 75 ఏళ్లు. మరుసటి ఏడాదికి మనిషే లేరు.

దళిత ఆచార్యుల నియామకాల గురించి మాట్లాడేటప్పుడు మేము ఈ లెక్కను గుర్తుచేసుకుంటాం. చనిపోయాక పెట్టే విగ్రహం కన్నా, బతికుండగా ఇచ్చే కుర్చీ ముఖ్యం. గబ్బిలం పాఠం చెప్పే ప్రతిచోటా ఆ 3 రూపాయల జీతం సంగతి కూడా చెప్పాలి.